మ్యూజియం గోడకి మన ఫొటో ఎక్కాలంటే

విశాఖపట్నం డాబాగార్డెన్స్‌లో మాకో ఫొటో ల్యాబ్ ఉంది. నాన్న ఉన్నప్పుడు పెళ్లి రీళ్లు కడిగేవాళ్లం. ఇప్పుడు ఆ పని లేదు, పెద్ద ప్రింట్లూ ఫ్రేములే ఎక్కువ. కొండలూ పిట్టలూ తీసే కుర్రాళ్లు పెన్‌డ్రైవ్ పట్టుకుని వస్తారు. "అన్నా, మ్యూజియం ఎగ్జిబిషన్‌కి పంపాలి, ఏది బాగుందో చూసి చెప్పు" అంటారు. వేరే రాష్ట్రంలో ఒక మ్యూజియం ప్రకృతి మీద పెట్టిన ప్రదర్శనలో నా ఫొటో ఒకటి వేలాడింది. మా దగ్గర ప్రింట్లు వేయించుకున్నవాళ్లవి కూడా కొన్ని అక్కడా ఇక్కడా ఎంపికయ్యాయి. కౌంటర్ దగ్గర అందరికీ విడివిడిగా చెప్పేదే ఇక్కడ ఒక్కసారి రాసేస్తున్నాను.

జ్యూరీ ముందుకు బాగున్న ఫొటోలు వేలల్లో వస్తాయి, బాగుండటం ఒక్కటే అక్కడ చాలదు. లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియం నడిపే వైల్డ్‌లైఫ్ ఫొటోగ్రాఫర్ ఆఫ్ ది ఇయర్ పోటీ 1965లో మొదలైంది. ఈ మధ్య ఏడాదికి 60,000కి అటూ ఇటూగా ఎంట్రీలు వస్తున్నాయి. ప్రదర్శనకి తీసుకునేవి 100. అందులో పులులు ఎన్ని ఉంటాయో మీరే ఊహించుకోండి. సఫారీలో ఒక పులి రోడ్డు మీదికి వస్తే జీపులన్నీ చుట్టూ చేరి అందరూ అదే పులిని అదే వెలుగులో తీస్తారు. అప్పు చేసి రిజర్వులన్నీ తిరిగొచ్చి ఆ ఫొటోలు పంపేవాళ్లని చూస్తే నాకు జాలేస్తుంది. 2018లో అదే లండన్ పోటీలో పదేళ్ల దాకా ఉన్న పిల్లల విభాగం గెలిచింది పంజాబ్ పిల్లాడు. కపుర్తలాలో ఒక పాత పైపులోంచి తొంగిచూస్తున్న రెండు చిన్న గుడ్లగూబల్ని ఆ పిల్లాడు తన నాన్న కారు కిటికీలోంచి తీశాడు.

మన విశాఖపట్నం సంగతికొద్దాం. ఒక పక్క సముద్రం, ఒక పక్క తూర్పు కనుమలు, మధ్యలో ఊరు. హైవే దాటితే కంబాలకొండ అభయారణ్యం. ఇంత దగ్గర్లో ఇన్ని రకాలు పెట్టుకుని రాజస్థాన్‌లో పులులుండే రణథంబోర్‌కి టికెట్లు బుక్ చేయడం నాకర్థం కాదు. మళ్లీ మళ్లీ వెళ్లగలిగిన చోటునే ఎంచుకోండి. మొదటిసారి వెళ్లినప్పుడు తీసేది అందరూ తీసేదే. ఆ చోటు అలవాటయ్యాకే అసలు ఫొటో కనబడుతుంది.

ఎవరు అడుగుతున్నారో ముందు చూడండి

ఏటా జరిగే పోటీ ఒక రకం, ఒక సందర్భం కోసం పెట్టే ప్రదర్శన ఇంకో రకం. రెండింటికీ ఒకే ఫొటో పంపితే కుదరదు. 1964లో అమెరికాలో వైల్డర్‌నెస్ యాక్ట్ వచ్చింది. 50 ఏళ్లయిన సందర్భంగా 2014లో వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ ప్రకృతి చరిత్ర మ్యూజియంలో, పోటీ పెట్టి ఎంపిక చేసిన ఫొటోలతో ప్రదర్శన పెట్టారు. ఆ చట్టం దృష్టిలో వైల్డర్‌నెస్ అంటే మనిషి వచ్చిపోయే అతిథే తప్ప కాపురం ఉండని నేల. అలాంటి ప్రదర్శనకి పిట్ట ముఖం క్లోజప్ ఎంత పదునుగా ఉన్నా పెద్దగా ఉపయోగం లేదు. వాళ్లకి చోటు కావాలి. కొండ, దాని మీద మబ్బు, ఆ విశాలంలో ఎక్కడో చిన్నగా ఒక జంతువు. ఏటా జరిగే పోటీవాళ్లు దీనికి ఉల్టా, వాళ్లకి ఒక క్షణం కావాలి. జంతువు ఏదో చేస్తుండాలి. ఊరికే కూర్చున్న లకుముకి పిట్ట కన్నా చేపని కొమ్మకేసి కొడుతున్న లకుముకి పిట్ట నయం.

కాబట్టి థీమ్ గురించి రాసిన పేరాని ఒకటికి రెండుసార్లు చదవండి. పోయినసారి ఎంపికైన ఫొటోలు వాళ్ల సైట్‌లోనే ఉంటాయి, అవీ చూడండి. కాపీ కొట్టడానికి కాదు. పోయినేడు తామరాకు మీద నీటికోడి ఉంటే ఈ ఏడు కొండకర్ల ఆవ చెరువు నుంచి మీరు తెచ్చిన నీటికోడిని తీసుకోరు, అంతే.

లండన్ పోటీకి అక్టోబరు ప్రాంతంలో ఎంట్రీలు తెరుస్తారు, డిసెంబరు మొదట్లో మూసేస్తారు. మన దగ్గర అక్టోబరు 2 నుంచి 8 దాకా వన్యప్రాణి వారోత్సవాలు. ఆ రోజుల్లో అటవీ శాఖవాళ్లు, జూలవాళ్లు పోటీలు పెడుతుంటారు. చెయ్యి తిరగడానికి ముందు వాటిలో పాల్గొనండి.

తీసేటప్పుడు

ఎర్రమట్టి దిబ్బలు మా ల్యాబ్‌కి వచ్చే ఫొటోల్లో సగం ఉంటాయి. భీమిలి దారిలో ఉన్న ఈ దిబ్బల్ని జియలాజికల్ సర్వే వారసత్వ స్థలంగా గుర్తించింది. ఇలాంటి తీరపు ఎర్ర ఇసుక మనకి కాకుండా తమిళనాడులో, శ్రీలంకలో ఉంది. అంత అరుదైన చోటుని జనం మిట్టమధ్యాహ్నం వెళ్లి తీస్తారు. వెలుగు నెత్తి మీద ఉంటే గాడి లోతు తెలియదు, మట్టి అంతా ఒకే ఎరుపు ముద్దలా వస్తుంది. పైగా ప్రీవెడ్డింగ్ షూట్‌లవాళ్ల అడుగులు. రాత్రి వాన పడి తెల్లారిన రోజు చూసుకుని, ఇంకెవరూ దిగకముందే వెళ్లండి. అడుగులన్నీ చెరిగిపోయి, వాన కోసిన సన్నటి గీతలు మాత్రం మిగులుతాయి. పక్క నుంచి ఎండ పడగానే ఒక్కో గాడికీ నీడ వస్తుంది. ఆ వెలుగు అరగంట కూడా ఉండదు. మట్టి గట్ల మీదికి ఎక్కకండి, అంచులు విరిగిపోతాయి. విరిగిన అంచు ఫొటోలో తెలిసిపోతుంది కూడా.

రుషికొండ, తెన్నేటి పార్కు, యారాడ దగ్గర రాళ్ల మధ్య గుంటలు నాకు చాలా ఇష్టం. అమావాస్యకీ పౌర్ణమికీ అటూ ఇటూ రెండు మూడు రోజులు సముద్రం బాగా వెనక్కి పోతుంది. ఆ ఆటు టైము టైడ్ టేబుల్‌లో చూసుకుని, అరగంట ముందే దిగండి. నీళ్లు తిరిగొస్తున్నప్పుడు రాళ్ల మీద ఉండటం ప్రమాదం, నాచు మీద కాలు నిలవదు. గుంటలో సముద్రపు పువ్వులు రెక్కలు విప్పుకుని ఉంటాయి, శంఖాల్లో దూరిన పీతలు నడుస్తుంటాయి. నీటి మీద ఆకాశం మెరుపు కొట్టకుండా పోలరైజర్ ఫిల్టర్ పెట్టి మెల్లగా తిప్పండి. ఒక చోటికి రాగానే పైన మెరుపు మాయమై అడుగు కనిపిస్తుంది. ఏ రాయీ తిరగెయ్యకండి. దాని కింద బతికేవి ఎండకి మాడి చస్తాయి. ఇంటికొచ్చాక కెమెరాని తడిబట్టతో, తర్వాత పొడిబట్టతో తుడిచి, తేమ పీల్చే సిలికా జెల్ ఉన్న డబ్బాలో పెట్టండి. మన ఊరి ఉప్పుగాలికి లెన్సులో ఫంగస్ పట్టడానికి ఒక్క వానాకాలం చాలు.

నా ఫొటో ఎంపికైందన్నాను కదా, అది పులీ కాదు, గద్దా కాదు. సాగర్‌నగర్ ఒడ్డున ఇసుక పీత. తెల్లారుజామున బొక్కలోంచి బయటికొచ్చి ఇసుక ముద్దని గోళ్లతో పట్టుకుని నిలబడింది. వెనక నీలం చీకట్లో, లంగరు వేసుకున్న ఓడల దీపాలు వరసగా. పీతకి దగ్గరగా నేల మీద పడుకుని వైడ్ లెన్సుతో తీశాను. వల సర్దుకుంటున్న ఒక పెద్దాయన చాలాసేపు చూసి, "ఏటి బాబూ, పీతకి ఫొటో తీస్తన్నావేటి? వల కాడికి రా, బోలెడున్నాయి" అన్నాడు. ఆయనే కిటుకు చెప్పాడు కూడా. అడుగు చప్పుడు ఇసుకలోంచి దానికి తెలిసిపోతుందట, "నువ్వు కదలకుండా కూకుంటే అదే వస్తాది." నిజమే. తిరిగేవాడికి పీత దొరకదు, కూర్చున్నవాడికి దొరుకుతుంది. పీతని వేరే చోట కూడా తీయొచ్చు. ఆ ఓడల దీపాలు మాత్రం విశాఖవే. ఎంపిక చేసినవాళ్లు రాసిన రెండు లైన్లలో దీపాల ప్రస్తావన వచ్చింది కానీ, ఫోకస్ ఎంత బాగుందో ఎవరూ అనలేదు.

ఆలివ్ రిడ్లే తాబేళ్లు చలికాలం చివర్లో మన తీరానికి గుడ్లు పెట్టడానికి వస్తాయి. అటవీ శాఖవాళ్లు గుడ్లని హేచరీల్లో కాపాడి పిల్లల్ని సముద్రంలోకి వదులుతారు. ఫ్లాష్ వద్దు, ఫోన్ టార్చి కూడా వద్దు. పిల్ల తాబేలు వెలుగున్న వైపుకి నడుస్తుంది, మీ టార్చిని చూసి దారి తప్పుతుంది. అరచేతిలో తాబేలు పిల్ల ఫొటోలు ఎంత ముద్దుగా ఉన్నా ఏ మ్యూజియమూ తీసుకోదు. వన్యప్రాణి చట్టంలో అన్నిటికన్నా ఎక్కువ రక్షణ ఉన్న షెడ్యూల్ 1 ప్రాణి అది, ముట్టుకుంటే కేసు.

అనుమతుల సంగతి. అభయారణ్యంలో ఫొటోగ్రఫీకి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అటవీ శాఖ అనుమతి కావాలి. సందర్శకుల దారి దాటి లోపలికి వెళ్లాలనుకుంటే ముందే అడగండి, ఆ కాగితం స్కాన్ చేసి దాచుకోండి. కొన్ని పోటీల్లో అడుగుతారు. డ్రోన్ విషయంలో మన ఊళ్లో మరీ జాగ్రత్త. తూర్పు నౌకాదళం ఉన్న ఊరు, విమానాశ్రయం కూడా నేవీదే. డ్రోన్లు ఎక్కడ ఎగరేయొచ్చో చూపించే ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాప్‌లో ఎరుపు రంగు ఉన్న చోట ఎగరేస్తే ఫొటో కాదు, ముందు పోలీస్ స్టేషన్.

నిజం చెప్పడం

ఇందిరాగాంధీ జూ పార్కు కొండల మధ్యలో ఉంది. అక్కడ పులిని జాగ్రత్తగా ఫ్రేము చేస్తే అడవిలో తీసినట్టే వస్తుంది. ఆ ఫొటో పట్టుకొచ్చి "జూ అని రాయకపోతే ఎవరికి తెలుస్తుందన్నా" అని అడిగినవాళ్లున్నారు. తెలుస్తుంది తమ్ముడూ. జ్యూరీలో జీవశాస్త్రం చదివినవాళ్లుంటారు, ఆ జంతువునే ఏళ్ల తరబడి చూసినవాళ్లుంటారు. లండన్ పోటీలో 2009లో మొదటి బహుమతి పొందిన తోడేలు ఫొటోని తర్వాత రద్దు చేశారు. గేటు మీంచి దూకుతున్న ఆ తోడేలు పెంపుడుదై ఉంటుందని నిర్వాహకులు తేల్చారు. 2017లో గెలిచిన చీమలతిండి జంతువు ఫొటో కూడా పోయింది, అది చచ్చిన జంతువు తోలులో గడ్డి కూరి నిలబెట్టిన బొమ్మ అని నిపుణులు పోల్చి చెప్పారు. గెలిచాక పరువు పోవడం కన్నా గెలవకపోవడమే హాయి.

ఎర వేసి రప్పించడం, ఆడపిట్ట కూత రికార్డింగ్ పెట్టి మగపిట్టని పిలవడం, గూటి ముందు కొమ్మలు కోసి దారి చేసుకోవడం, ఇవేవీ చేయకండి. గూటి ఫొటోలని మన దేశంలో చాలా పోటీలు అసలు చూడనే చూడవు.

కంప్యూటర్‌లో ఏం చేయొచ్చు? వెలుగూ చీకటీ సర్దడం, కొంత క్రాప్, సెన్సర్ మీద దుమ్ము చుక్కలు తీసేయడం సాధారణంగా ఒప్పుకుంటారు. అడ్డొచ్చిన కొమ్మ చెరపడం, ఆకాశం మార్చడం, ఏఐతో ఏదైనా పుట్టించడం ఒప్పుకోరు. చాలా ఫ్రేములు కలపడం మాత్రం అన్నిచోట్లా తప్పు కాదు. 2023లో తమిళనాడు ఆనమలై అడవుల్లో మిణుగురుల ఫొటో ఒకటి లండన్‌లో ఒక విభాగం గెలిచింది. ఒక్కోటి 19 సెకన్ల ఎక్స్‌పోజర్లు 50 కలిపి చేసింది అది. ఏం చేశారో రాశారు, నియమంలో ఉంది, సరిపోయింది.

వీటన్నిటికీ సాక్ష్యం రా ఫైలు, అంటే కెమెరా పట్టింది పట్టినట్టే దాచే ఫైలు. చివరి రౌండ్‌కి వెళ్తే కచ్చితంగా అడుగుతారు. ఫోన్‌లో, కెమెరాలో ఉత్త జేపెగ్ మాత్రమే తీసేవాళ్లు ఇవాళే సెట్టింగు మార్చుకోండి. రా ఫైలు రెండు హార్డ్‌డిస్కుల్లో, అందులో ఒకటి వేరే ఇంట్లో ఉంచండి. ముందు ఫ్రేమూ తర్వాతి ఫ్రేమూ కూడా చెరపొద్దు. ఆ వరసే మీరు నిజంగా అక్కడున్నారని చెబుతుంది.

గోడ మీద పెట్టి చూడండి

నా వృత్తి కాబట్టి దీని గురించి కాస్త ఎక్కువ చెబుతాను. ఫోన్‌లో ఏ ఫొటో అయినా బాగానే ఉంటుంది. మ్యూజియంలో మనిషి ఆరడుగుల దూరం నుంచి చూస్తాడు, నచ్చితే దగ్గరికొస్తాడు. దూరం నుంచి ఆకారం పట్టుకోవాలి, దగ్గరికొచ్చాక ఇంకేదో కనబడాలి. రెండూ ఉన్న ఫొటోలు తక్కువ.

పాతికో ముప్ఫయ్యో ఎంచి, పోస్టుకార్డు సైజు ప్రింట్లు తీయించండి. పెద్ద ఖర్చు కాదు. హాల్లో గోడకి అంటించి వారం వదిలేయండి. టీ తాగుతూ, చెప్పులేసుకుంటూ చూస్తుంటారు కదా, నాలుగో రోజుకి కొన్ని విసుగొస్తాయి. వాటిని పీకేయండి. వారం తర్వాత కూడా కన్ను ఆగేవే అసలువి. అమ్మనీ భార్యనీ అడక్కండి, వాళ్లకి మీరు పడ్డ కష్టం గుర్తొస్తుంది. ఎండలో నిలబడ్డ కష్టం ఫొటోలో కనబడదు. ఇంటికొచ్చిన గ్యాస్ కుర్రాణ్ణి అడగండి, "ఇందులో ఏది?" అని. అతను వేలు పెట్టింది ఏదో, ఎందుకో వినండి.

మిగిలినవాటిని ఏ4లో తీసి చూస్తే లోపాలు బయటపడతాయి. మూలలో తెల్లటి ఆకు, వంకరగా ఉన్న సముద్రపు గీత, అతిగా పదును పెట్టడం వల్ల పిట్ట చుట్టూ వచ్చే తెల్ల అంచు. ఎక్కువమంది రంగులు దట్టించి తెస్తారు. ఎర్రమట్టి దిబ్బలు రక్తంలా, సముద్రం ఇంకు సీసాలా. ఎడిటింగ్‌లో రంగు పెంచే స్లైడర్‌ని వెనక్కి లాగండి. నేను కౌంటర్ వెనక నుంచి ఎక్కువసార్లు చెప్పే మాట ఇదే.

సైజు లెక్క సులువు. 24 మెగాపిక్సెల్ ఫైలంటే 6000 బై 4000 పిక్సెళ్లు. అంగుళానికి 300 చొప్పున 20 అంగుళాల వెడల్పు ప్రింటు నిక్షేపంగా వస్తుంది. దూరం నుంచి చూసే 40 అంగుళాల ప్రింటుకి 150 కూడా సరిపోతుంది. సగానికి సగం క్రాప్ చేస్తే ఈ లెక్కంతా తప్పుతుంది, అందుకే తీసేటప్పుడే దగ్గరికెళ్లండి. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటో నాకు ఇచ్చి "రెండడుగులది కొట్టు" అంటే నేను చేయగలిగేది ఏమీ లేదు.

రాత పని

క్యాప్షన్ ఆఖరి రోజు రాత్రి పదకొండున్నరకి రాస్తారు అందరూ. మ్యూజియం అంటే ఫొటో కింద చదివే బోర్డు ఉండే చోటు. ఆ బోర్డుకి కావలసిన సరుకు మీరిస్తే వాళ్ల పని తేలికవుతుంది. "ప్రకృతి ఒడిలో ఒక అద్భుత ఉదయం" అని రాస్తే ఎవరికీ ఏమీ తెలియదు. ఇలా రాయండి: "సాగర్‌నగర్ తీరం, విశాఖపట్నం. సూర్యోదయానికి ముందు ఇసుక పీత తన బొక్కని తవ్వి తెచ్చిన ఇసుకని బయట పారేస్తోంది. వెనక కనిపించేవి పోర్టులోకి పిలుపు కోసం ఆగిన సరుకు ఓడలు." ప్రాణి, చోటు, చేస్తున్న పని. మీకెలా అనిపించిందో అక్కర్లేదు. శాస్త్రీయ నామం ఖాయంగా తెలిస్తేనే రాయండి. అనుమానముంటే యూనివర్సిటీలో జువాలజీ చెప్పేవాళ్లని అడగండి, సంతోషంగా చెబుతారు. హేచరీలో వదిలిన తాబేలైతే హేచరీ అనే రాయండి. ముందు తెలుగులో రాసుకుని, తర్వాత ఇంగ్లిష్‌లోకి మార్చుకుంటే మాట నేల మీద ఉంటుంది. నేరుగా ఇంగ్లిష్‌లో మొదలుపెడితే అందరం కవులమైపోతాం.

ఫారం, ఫీజు సంగతి పెద్దగా చెప్పేదేం లేదు. ఒకటి మాత్రం చదవండి, హక్కుల పేరా. మన కాపీరైట్ చట్టం, 1957 ప్రకారం మీకోసం మీరు తీసిన ఫొటోకి హక్కుదారు మీరే. ప్రదర్శనకి, దాని ప్రచారానికి వాడుకుంటామంటే సరే. "అన్ని హక్కులూ శాశ్వతంగా మాకే" అని ఉంటే పంపకండి, అది పోటీ కాదు, ఊరికే ఫొటోలు పోగేసుకునే పని. ఒకే ఫొటోని ఒకేసారి రెండు చోట్లకి పంపడం కొందరు ఒప్పుకోరు, అదీ చూసుకోండి. గడువు లండన్ టైములో ఉంటే మనకి ఇంకా నాలుగున్నర నుంచి అయిదున్నర గంటలు ఉంటాయి. ఆ ధీమాతో కూర్చోకండి, చివరి గంటలో వాళ్ల సర్వర్ కదలదు.

ఎంపికైతే మెయిల్ వస్తుంది. చాలాసార్లు స్పామ్‌లో పడుతుంది, ఫలితాల నెలలో రోజూ అక్కడ కూడా చూడండి. పెద్ద మ్యూజియాలు ప్రింటు వాళ్లే వేసుకుంటాయి, మీరు పూర్తి సైజు ఫైలు పంపితే చాలు. ఏ కలర్ ప్రొఫైల్ కావాలన్నారో అదే పెట్టండి. చిన్న చోట్ల ప్రింటు మనమే పంపాలి. అప్పుడు యాసిడ్ లేని మౌంటు అట్ట, మ్యాట్ కాగితం అడగండి. మెరిసే కాగితం మీద గ్యాలరీ లైట్లన్నీ అద్దంలోలా కనిపిస్తాయి. గాజు బదులు యాక్రిలిక్ వేయించండి, పార్శిల్‌లో పగలదు. ఫ్రేము వెనక మీ పేరు, ఫొటో పేరు, పైభాగం ఎటో బాణం గుర్తు వేయండి. నవ్వకండి, ఇసుక పీతని తలకిందులుగా వేలాడదీసిన చోటు నాకు తెలుసు. ప్రదర్శన అయ్యాక ప్రింటు తిరిగి పంపే ఖర్చు ఎవరిదో ముందే మెయిల్‌లో రాయించుకోండి.